కాగితం దాటని మాట

"కాగితం దాటొద్దమ్మా," అన్నాడు జడ్జి, రెండోసారి.

డెర్వ్లా కాన్సిడిన్ దాటింది. చేతిలోని పేజీని బల్ల మీద బోర్లించి, కళ్ళజోడు తీసి దాని మీద పెట్టి, బోనులో ఉన్న కుర్రాడి వైపు తిరిగింది.

"నా కొడుకుని కొట్టావు. తాగున్నావు, వాడూ తాగున్నాడు. ఎలాగోలా దాన్ని దిగమింగుకుంటాను. మరి వాడి పతకం నిన్నేం చేసిందిరా కాహల్? కొనఊపిరితో ఉన్నవాడి గుండె మీంచి మరియమ్మ పతకం పీక్కెళ్ళావు. మళ్ళీ భయమేసి, మీ అమ్మకిచ్చి వాడి శవపేటికలో పెట్టించావు! ఏం మనుషుల్రా మీరు?"

"ఏం పతకం?" కాహల్ మొరోనీ బోను కమ్మీ పట్టుకుని లేచాడు. "నేనే పతకమూ చూళ్ళేదు!"

అతని లాయరు లేచాడు. వెనక వరసలో కాహల్ తల్లి అసంప్టా "దేవుడా, నేను కాదు" అంటూ ఏడుపు మొదలుపెట్టింది. జడ్జి చెయ్యెత్తి అందరినీ ఆపాడు.

"మిసెస్ కాన్సిడిన్, రెండు గంటలకి మళ్ళీ కూర్చుంటాం. ఆమోదం పొందిన కాగితంలో మిగిలిన వాక్యాలు చదవచ్చు. బయటి మాట ఒక్కటి వచ్చినా ఆపేస్తాను. కోర్టు ధిక్కారం కిందకి వస్తుంది. అర్థమైందా?"

పక్కనే కూర్చున్న మరిది టైగ్ ఆమె మోచెయ్యి పట్టుకుని, పిల్లలకి నచ్చచెప్పినట్టు ఏదో చెప్పి, బయటికి నడిపించుకెళ్ళాడు. కొడుకు పోయినప్పట్నించీ, పధ్నాలుగు నెలలుగా, ఆమె ఎక్కడికెళ్ళినా ఆ చెయ్యి ఆ మోచెయ్యి కిందే ఉంది. కిల్‌బ్రెక్ ఊళ్ళో స్కూలు బస్సు నడుపుతాడు. అందరికీ మంచివాడు.

నా పేరు బ్రీడ్ లెనిహన్, డిటెక్టివ్ సార్జంట్‌ని. ఫీక్రా కాన్సిడిన్ కేసులో కాహల్‌ని అరెస్టు చేసింది నేనే. ఊరి ఆటల క్లబ్బు విందు జరిగిన రాత్రి, బంతాట ఆడే గోడ వెనక సందులో ఇద్దరు కుర్రాళ్ళు తిట్టుకున్నారు. కాహల్ ఒక్క గుద్దు గుద్దాడు. ఫీక్రా వెల్లకిలా పడ్డాడు, తల సిమెంటుకి కొట్టుకుంది. కాహల్ పారిపోయాడు. ఫీక్రా ఇంచుమించు గంటసేపు బతికే ఉన్నాడని, ఎవరైనా ఒక్క ఫోను చేసి ఉంటే దక్కేవాడని పోస్టుమార్టం చేసిన డాక్టరు చెప్పాడు. మర్నాడు పొద్దున్నే కాహల్ నేరం ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక విచారణ ఉండదు, సాక్షులుండరు, ప్రశ్నలుండవు. శిక్ష వేసే రోజు పోయినవాడి తల్లికి కాసేపు మాట్లాడే అవకాశం ఇస్తారు, అంతే. ఆ మాటలు కూడా ముందే కాగితం మీద పెట్టి, రెండు పక్షాల లాయర్లూ గీతలు కొట్టినచోట కొట్టేశాకే చదవాలి.

పధ్నాలుగు నెలలు ఆగిన మనిషికి మాటలు గరిటెతో కొలిచి పోస్తున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అయితే ఆ మంటలో కూడా ఒక విషయం గుచ్చుకుంది. పతకం గురించి నేను ఇంతవరకూ వినలేదు. బయట మెట్ల మీద డెర్వ్లాని ఆపి అడిగితే, అది వాడి నాయనమ్మదని, బనీను లోపల పెట్టుకునేవాడని మాత్రం చెప్పింది.

కోర్టు కింద గదిలో కాహల్ గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఇరవయ్యొక్కేళ్ళవాడు, పదహారేళ్ళవాడిలా కనిపిస్తాడు.

"నిజం చెప్పు. పతకం సంగతి ఏంటి?"

"నాకు తెలీదండీ. ఎలాంటి పతకం?"

"వాళ్ళ నాయనమ్మది. బనీనుకి లోపల పిన్నీసుతో పెట్టుకునేవాడు."

"బనీను లోపలున్నది నాకెలా కనిపిస్తుంది? ఒక్కటి గుద్దాను. పడ్డాడు. పరిగెత్తాను. ఆ మూడు సంగతులూ నేను ఒప్పుకున్నాను కదా."

"చొక్కా గుండీలు విప్పావా?"

"కొట్టుకునేటప్పుడు గుండీలెవడు విప్పుతాడండీ? పైగా నాకెక్కడ టైముంది? తెల్లారేసరికి మీరే వచ్చి పట్టుకెళ్ళారు. నా జేబులు మీరే తడిమారు."

తడిమాను. ఫోను, తాళాలు, నలిగిన సిగరెట్టు పెట్టె. ఇల్లంతా కూడా వెతికించాను. ఫీక్రా శవం పోస్టుమార్టం అయి ఇంటికొచ్చింది మూడోరోజున. అప్పటికి కాహల్ రెండు రాత్రులు నా లాకప్పులో పడుకున్నాడు. పతకాన్ని ఎవరికిచ్చి పంపుతాడు?

మెట్ల దగ్గర అసంప్టా మొరోనీ ముక్కు తుడుచుకుంటూ నిలబడి ఉంది.

"శవం ఇంట్లో ఉన్న రాత్రి నువ్వు జాగారానికి వెళ్ళావా, అసంప్టా?"

"వెళ్ళాను. ఎలా వెళ్ళకుండా ఉంటాను? నా కొడుకు చేసిన పనికి ఆమె చెయ్యి పట్టుకుని ఒక్క మాట చెప్పకపోతే నేను మనిషినేనా? ఆపిల్ కేకు చేసుకుని వెళ్ళాను. గేటు దగ్గరే టైగ్ ఆపేశాడు. 'ఇంకో అడుగు వేశావంటే ఊరందరి ముందూ తిట్టి పంపిస్తా' అన్నాడు. కేకు గోడ మీద పెట్టేసి వచ్చేశాను. ఆ గుమ్మం తొక్కలేదు నేను. ఒట్టు."

అబద్ధం చెప్పే వాళ్ళు కేకు గోడ మీద పెట్టిన సంగతి కల్పించరు.

సాక్ష్యాల పెట్టె కోర్టు వెనక గదిలో ఉంది. దాని పక్కన బల్ల మీద కాళ్ళు చాపుకుని ఇన్‌స్పెక్టర్ మలాకీ దెవేన్ గుడ్డు శాండ్‌విచ్ తింటున్నాడు. ఈ కేసుని ఒక్కరోజులో ముగించానని జిల్లా అంతా చెప్పుకుని తిరిగింది ఈయనే. అరెస్టు చేసిన నా పేరు ఆ కథలో ఎక్కడా వినపడదు, అది వేరే సంగతి. చచ్చిన పిల్లాడి బట్టల పక్కన గుడ్డు వాసన.

"కాళ్ళు తీయండి సార్."

"ఏంటమ్మా, శిక్ష పడే రోజున దర్యాప్తు మొదలెట్టావా?"

నేను చేతులకి తొడుగులు వేసుకుని బట్టలు తీశాను. చొక్కాకి పై మూడు గుండీలు విప్పి ఉన్నాయి. పెనుగులాటలో ఊడాయని అప్పట్లో రాసుకున్నాం. ఇప్పుడు సరిగ్గా చూశాను. ఒక్క గుండీ తెగలేదు, ఒక్క కాజా సాగలేదు. ఎవరో వేళ్ళతో విప్పారు. బనీను తిరగేసి చూశాను. లోపలివైపు, ఎడమ పక్క, రెండు చిన్న బొక్కలు. బట్ట చిరగలేదు. పిన్నీసుని నెమ్మదిగా తెరిచి తీశారు. ఆ బొక్కల పక్కన పెసరగింజంత మచ్చ, గోధుమరంగు. తల వెనక దెబ్బ తగిలినవాడికి గుండె దగ్గర బనీను లోపల రక్తం ఎందుకుంటుంది?

"పిన్నీసు ఎవరికో గుచ్చుకుంది," అన్నాను. "పారిపోయినవాడు కాదు, పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నవాడు. గుండె కొట్టుకుంటోందా అని చొక్కా విప్పి చెయ్యి లోపల పెట్టాడు. గుచ్చుకుంది. పతకానికి తన రక్తం అంటింది. అందుకే పట్టుకెళ్ళాడు. సార్, రెండు గంటలకి జడ్జిగారిని వాయిదా అడగండి. ఈ మచ్చ పరీక్షకి పంపాలి."

"పెసరగింజంత మచ్చకి వాయిదానా?" దెవేన్ రొట్టె ముక్క మింగాడు. "చూశావా బ్రీడ్, అందుకే కాగితం ఉండాలంటాను. ఆ తల్లిని వదిలేశాం, ఏమైంది? ఏ పాపం ఎరగని అసంప్టా మీద దొంగతనం అంటగట్టింది, నిండు కోర్టులో. రేపు పేపర్లో వస్తుంది. ఆ ముద్ర ఎవరు చెరుపుతారు? దుఃఖం ఉన్నవాళ్ళు చెప్పిందల్లా నిజం కాదు."

అందులో తప్పు లేదు. అదే నాకు మరింత చిరాకు తెప్పించింది.

"నిజమే. ఆవిడ తప్పు మనిషిని అంది. కానీ ఆవిడ అనకపోతే ఈ బనీను జన్మలో తిరగేసేవాళ్ళం కాదు. పతకం సంగతి ముందే కాగితంలో ఉంటే ఎప్పుడో తేలిపోయేది. మీరూ గవర్నమెంటు లాయరూ కూర్చుని దాన్నెందుకు కొట్టేశారు?"

"ఎవరు కొట్టేశారు?"

"మీరే. ఇందాక మెట్ల మీద డెర్వ్లాగారు నాతో చెప్పింది. పతకం గురించి రాయిస్తే గవర్నమెంటు వాళ్ళు కొట్టేశారట."

దెవేన్ మొదటిసారి కాళ్ళు దించాడు. "లేనిదాన్ని ఎలా కొట్టేస్తాం? మేం తీసేసింది రెండే. ఒకచోట 'పంది' అని ఉంది, ఇంకోచోట 'నరకంలో కుళ్ళు' అని ఉంది. పతకం అన్న మాటే లేదు. నా కళ్ళతో చదివాను."

"కాగితం తెచ్చిచ్చింది ఎవరు?"

"ఆమె మరిది. ఆమె చెబుతుంటే తనే కూర్చుని టైపు చేశానన్నాడు. మంచి మనిషి, పాపం..."

ఆ వాక్యం అక్కడ ఆగిపోయింది. లాయర్ల ఎర్రగీత కంటే ముందే ఒక చెయ్యి ఆమె నోరు మూసింది. అది లాయరు చెయ్యి కాదు, జడ్జి చెయ్యి కాదు. ఆమె మోచెయ్యి కింద ఉండే చెయ్యి.

"నువ్వనేది ఊహ," అన్నాడు చివరికి దెవేన్, గొంతు తగ్గించి. "రుజువు లేదు."

"నేను వచ్చేదాకా ఆ బనీను మీద గుడ్డు పడకుండా చూడండి," అని వచ్చేశాను.

డెర్వ్లా ఇల్లు కోర్టుకి దగ్గరే, బండిలో పది నిమిషాలు. టైగ్ తలుపు తీశాడు. చొక్కా చేతులు మడిచి ఉన్నాయి, భుజం మీద తుడుచుకునే గుడ్డ.

"సార్జంట్, ఈ పూటకి ఆమెని వదిలెయ్యకూడదా? నాలుగు మెతుకులైనా తిననివ్వండి."

"ఒక్క నిమిషం టైగ్. అలా అంటే ఎలా, నాక్కూడా టీ ఇస్తారనుకున్నాను."

నవ్వి వంటింట్లోకి వెళ్ళాడు. నేను ముందుగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాను. ఫీక్రాని పడుకోబెట్టిన గది ఇదే. కిటికీ కింద ఖాళీగా ఉన్న చోటు చూపించింది డెర్వ్లా. తల అటు, కాళ్ళు ఇటు. ఒకే ఒక్క తలుపు. గోడ పొడుగునా కుర్చీలు, ఏ కుర్చీలో కూర్చున్నా శవపేటిక పూర్తిగా కనపడుతుంది.

"పతకం మీరెప్పుడు చూశారు డెర్వ్లాగారూ?"

"మూత వేసే ముందు. మేం బట్టలు వేసినప్పుడు అది లేదు. కాలరు వంకరగా ఉందని సర్దబోయాను బ్రీడ్. చేతికి తగిలింది. బనీను లోపల, ఎడమ పక్క, లోపల్నించి గుచ్చి. బతికుండగా వాడు పెట్టుకున్నట్టే." ఆమె తన గుండె మీద వేలు పెట్టి చూపించింది. "బయటికి కనపడితే జట్టులో కుర్రాళ్ళు ఏడిపిస్తారని అలా దాచుకునేవాడు. ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలీదు."

అన్నాక ఆమె వేలు అక్కడే ఆగిపోయింది.

"అసంప్టా పెట్టిందని ఎందుకనుకున్నారు?"

"టైగ్ అన్నాడు. గేటు దగ్గర తిరుగుతుంటే చూశానన్నాడు. జనంలో కలిసి దూరి ఉంటుందన్నాడు. పోలీసులకి తనే చెబుతానన్నాడు."

"జనం వరసలో వచ్చి, ఆ చేతుల మీద చెయ్యి వేసి, సానుభూతి చెప్పి వెళ్ళిపోతారు. మీరందరూ చూస్తూనే ఉంటారు. అవునా?"

"అవును."

"కోటు తీసి, చొక్కా గుండీలు విప్పి, బనీనుకి లోపల్నించి పిన్నీసు పెట్టి, మళ్ళీ గుండీలు పెట్టి, చేతుల్లో జపమాల ఎప్పటిలా చుట్టాలి. వరసలో వచ్చినవాళ్ళు చెయ్యగలరా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. మా ఊళ్ళో శవాన్ని ఒంటరిగా వదలరు. మట్టిలో పెట్టేదాకా ఎవరో ఒకరు పక్కన కూర్చుని ఉండాల్సిందే. ఆ సంగతి ఆమెకి నేను చెప్పక్కర్లేదు.

"ఆ రాత్రి ఎవరెవరు కూర్చున్నారో చెప్పండి."

"ముందు నేనూ మా అక్కా. తర్వాత పక్కింటి వాళ్ళు, జపాలు అయ్యేదాకా. ఆ తర్వాత అందరం తూలిపోతున్నాం. తెల్లవారుజామున..." ఆమె వంటింటి వైపు చూసింది. "'మీరు వెళ్ళి నడుం వాల్చండి, నా బిడ్డ దగ్గర నేనుంటాలే' అన్నాడు. ఒక్కడే ఉన్నాడు."

"డెర్వ్లా!" వంటింట్లోంచి టైగ్ గొంతు. "చక్కెర ఒకటా, రెండా?"

ఆమె ముఖంలో ఏం జరిగిందో నేను రాయలేను. రక్తమంతా దిగిపోయింది. లేవబోతే నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను. ఒక్క కేక వేసిందంటే అతను పారిపోతాడు. వెనక తలుపు తీసి ఉంది, బయట బండి ఉంది. నాకున్నది రెండు బొక్కలు, ఒక మచ్చ.

"ఒకటి చాలు," అంది ఆమె. మామూలు గొంతుతో.

చచ్చిపోతున్న పిల్లాణ్ణి సందులో వదిలేసి వెళ్ళగలిగాడు. కానీ వాడు పతకం లేకుండా మట్టిలోకి వెళ్తే మరియమ్మకి మొహం చూపించలేనని భయపడ్డాడు. ఆ భక్తి తలుచుకుంటే నాకు ఉమ్మెయ్యాలనిపించింది. పతకాన్ని ఏటిలోకి విసిరేసి ఉంటే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు.

టైగ్ పళ్ళెంలో టీ, పందిమాంసం శాండ్‌విచ్‌లు తెచ్చాడు. ఆమెకి కప్పు అందిస్తూ, "రెండింటికి కాగితం చదివేసి వచ్చేద్దాం వదినా. నా మాట విను. బయటి మాటలొద్దు," అన్నాడు.

"లేదు టైగ్," అంది డెర్వ్లా. "కాగితం దాటను."

నా బండిలో రమ్మన్నాను. రానంది. "రోజూ తీసుకెళ్ళేవాడు ఇవాళ తీసుకెళ్ళకపోతే బాగుండదు," అని అతని బండే ఎక్కింది. కోర్టు దాకా వాళ్ళ బండి వెనక దీపాల మీంచి నా కళ్ళు తీయలేదు. దారి పొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను.

రెండింటికి అందరూ ఎక్కడివాళ్ళక్కడ కూర్చున్నారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. దెవేన్ వచ్చి రెండో తలుపు దగ్గర నిలబడ్డాడు, నా వైపు చూడకుండా. బనీను ఉన్న సంచి చంకలో పెట్టుకున్నాడు.

"మిగిలిన వాక్యాలు మాత్రమే," అన్నాడు జడ్జి.

"అలాగేనండీ." డెర్వ్లా కళ్ళజోడు పెట్టుకుంది. కాగితం ఎత్తింది. ఆ తర్వాత బోనుకి వీపు చేసి, తను లేచి వచ్చిన బెంచీ వైపు తిరిగింది.

"నువ్వు నా కొడుకుని ఆ గోడ పక్కన వదిలేసి వెళ్ళావు," అని చదివింది.

టైగ్ పెదాల మీద ఇంకా చిన్న నవ్వుంది. ధైర్యం చెబుతున్న నవ్వు.

"వాడు బతికే ఉన్నాడు. ఊపిరి తీస్తూనే ఉన్నాడు. నీ జేబులో ఫోను ఉంది."

"మిసెస్ కాన్సిడిన్," అన్నాడు జడ్జి, "ముద్దాయి మీ వెనక ఉన్నాడు."

"తెలుసండీ. కాగితంలో లేని మాట ఒక్కటన్నా అన్నానా?"

జడ్జి తన ముందున్న ప్రతి చూసుకున్నాడు. కాహల్ లాయరు చూసుకున్నాడు. ప్రతి అక్షరం ఆమోదం పొందినదే, ప్రతి అక్షరం టైగ్ తన చేత్తో టైపు చేసినదే. కాహల్ మీదికి విసరడానికి తను కూర్చిన మాటలు ఒక్కొక్కటే వచ్చి తన ఒళ్ళో పడుతున్నాయి.

"నువ్వు ఇంటికెళ్ళి పడుకున్నావు. పొద్దున లేచి ముఖం కడుక్కున్నావు." ఆమె ఒక్క అడుగు ముందుకేసింది. గొంతు పెరగలేదు. "వాడు చివరిగా ఎవరిని పిలిచాడో నాకు తెలీదు. నీకు తెలుసు. ఇప్పటికైనా నోరు తెరిచి చెప్పు."

కాగితం అయిపోయింది. ఆమె దాన్ని మడిచి, అలాగే నిలబడి అతన్నే చూస్తోంది. టైగ్ నవ్వు ఎప్పుడు పోయిందో తెలీదు. కుడిచేతి బొటనవేలిని ఎడమ పిడికిట్లో గట్టిగా పట్టుకున్నాడు. తలుపు వైపు చూశాడు. అక్కడ నేనున్నాను. రెండో తలుపు వైపు చూశాడు. దెవేన్ చంకలోని సంచి చూశాడు.

"తాగున్నాను వదినా," అన్నాడు, అందరికీ వినపడేలా. "బండి నడుపుతున్నాను. పోలీసులొస్తే నా లైసెన్సు... బస్సు పోయేది. ఎవరో ఒకరు వస్తారులే అనుకున్నాను. వాడు బాబాయ్ అని..."

"ఎవరది? కూర్చోండి!" జడ్జి లేచినంత పని చేశాడు. "ఈ కోర్టులో మాట్లాడటానికి మీకు అనుమతి లేదు!"

డెర్వ్లా చెయ్యెత్తింది, పొద్దున జడ్జి తనని ఆపినట్టే.

"వాణ్ణి ఆపకండి," అంది. "అంతా చెప్పనివ్వండి."